మూడు వారాలు పీకకండి

నా పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని ఆడపెళ్లివారు అడిగితే మా నాన్న "చేపల వ్యాపారం" అన్నాడు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా వాళ్లందరూ రేవులో పనిచేసేవాళ్లే. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఓడల్లో బరువులు దించినవాళ్లు. వాళ్ల మధ్య కూర్చుని నా ఉద్యోగం గురించి చెప్పడానికి ఆయనకు అంతకంటే గౌరవమైన మాట దొరకలేదు. పెళ్లయిన మొదటి వారం మా ఆవిడ పార్వతి వంటింట్లోంచి తొంగిచూసి, "ఏటి, చేపల యాపారం అన్నారు, ఒక్క చేపా ఇంటికి రాదేటి?" అని అడిగింది. నేను సంచిలోంచి తడి కాగితం పొట్లం తీసి విప్పాను. అందులో పది సన్నటి కాడలున్నాయి. "ఇదేటి, తోటకూరా?" అంది. ముప్పై ఏళ్లు దాటినా ఆవిడ ఆ అభిప్రాయాన్ని పెద్దగా మార్చుకోలేదు.

నేను చేసిన పని ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే అక్వేరియాలకు నీటి మొక్కలు పెంచి ఇవ్వడం, నాటడం, పెరిగినప్పుడు కత్తిరించడం, కత్తిరించిన ముక్కల్ని మళ్లీ నాటడం. మా రోజుల్లో దీనికి పేరు లేదు. ఇప్పుడు పేరుంది, విజిటింగ్ కార్డుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇందులోకి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్లలో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, మీ అనుభవం రాయండి అని. ఏ దీపం కొనాలి, ఏ ఎరువు ఎన్ని చుక్కలు వెయ్యాలి అనేవి మీ ఫోన్‌లోనే దొరుకుతాయి. నేను దొరకనివి రాస్తాను. అందులో చాలా భాగం నా తప్పులే.

కత్తెర

నాకు పని నేర్పినవాడు నిఖిల్ దా. అసలు వృత్తి దర్జీ. టాలీగంజ్‌లో ఇంటి కింద కుట్టుమిషన్, డాబా మీద సిమెంటు తొట్లు. జాకెట్లు కుడుతూ కుడుతూ మొక్కల్లో పడ్డాడు. జాకెట్లు ఇచ్చిన తేదీకి ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు కాబట్టి ఆ వీధి ఆడవాళ్లందరూ మొక్కల్ని తిట్టేవారు.

మొదటిరోజు నేను ఒక గుత్తిని చేత్తో పట్టుకుని అంతటినీ ఒక్కసారిగా కత్తిరించాను. ఆయన నా చేతిలోంచి కత్తెర లాక్కుని, "శోనో, విను అప్పన్నా, ఇది గడ్డి కాదు. ఒక్కో కాడనీ చూడు" అన్నాడు. తర్వాత మూడు నెలలు కత్తెర ఇవ్వలేదు. చూడమన్నాడంతే.

చూడగా చూడగా తెలిసింది ఇది. కాడ మొక్కకు మీది నుంచి కింది దాకా కణుపులుంటాయి. కణుపుకు కాస్త పైన కత్తిరిస్తే తొట్టిలో మిగిలిన మోడు అక్కడి నుంచి రెండు కొమ్మలు వేస్తుంది. చేతికొచ్చిన పై ముక్కకు కింది ఆకులు రెండు జతలు తీసేసి ఇసుకలో గుచ్చితే ఆ కణుపుల దగ్గర వేళ్లు పుడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. గుత్తిగా గుచ్చకూడదు, కాడకూ కాడకూ మధ్య వేలు పట్టేంత చోటుండాలి. లేకపోతే అడుగుకు వెలుతురు అందక కుళ్లుతాయి. మూడు నాలుగు కోతల తర్వాత మోడు ముదిరి కొయ్యబారుతుంది. అప్పుడు దాన్ని పీకి పారేసి, లేత పై ముక్కల్ని దాని చోట నాటుకోవాలి.

మా వృత్తిలో దాదాపు అందరం దీనికి తలకిందులుగా చేశాం. అందమైన పై ముక్కలు కొనేవాళ్లకు, ముదిరిన మోళ్లు మనకు. కొన్నాళ్లకు కొన్నవాళ్ల దగ్గర మంచి మొక్కలు, పెంచేవాళ్ల దగ్గర కట్టెపుల్లలు. నిఖిల్ దా కూడా అంతే చేసేవాడు. ఒక్క సిందూరి విషయంలో తప్ప.

సిందూరి

దక్షిణాన ఏదో వరిపొలం కాలువలో, వానాకాలంలో, నిఖిల్ దాకి ఒక కాడ మొక్క దొరికింది. అడుగు ఆకుపచ్చ, పైకి వెళ్లేకొద్దీ ఎరుపు, కొన మాత్రం పాపిట్లో పెట్టిన సిందూరం రంగు. ఎన్నో ఎర్ర మొక్కలు చూశాను, కలకత్తా ఎండాకాలానికి నీరు వేడెక్కితే అన్నీ గోధుమరంగుకు దిగుతాయి. ఇది దిగదు. ఆయనే పేరు పెట్టాడు సిందూరి అని. ఏ పొలమో ఎవరికీ చెప్పలేదు. తర్వాత తానే వెతుక్కుంటూ వెళ్తే అక్కడ ఇటుకబట్టీ ఉందట.

సిందూరిని ఆయన ఎవరికీ అమ్మలేదు, ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, "ఈరోజు ఒకడికిస్తే వచ్చే నెలకు గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో కుప్పపోసి ఉంటుంది" అనేవాడు. అది కుప్పపోసి ఉంటే నష్టమేమిటో నాకప్పుడు తోచలేదు, ఆయన్ని అడగనూ లేదు. ఆయన మంచం పట్టినప్పుడు నన్ను పిలిచి రెండు బకెట్ల నిండా ఇచ్చాడు. "మా-గాఛ్ పోకూడదు" అన్నాడు. తల్లి మొక్క పోకూడదని. నేను గార్డెన్ రీచ్‌లో మా డాబా మీద రెండు తొట్లలో పెట్టి, ఆయనలాగే ఎవరికీ ఇవ్వకుండా, చాలా నమ్మకంగా కాపలా కాశాను. నాకంటే పెద్ద లోభి దొరకడు కాబట్టే ఆయన నాకిచ్చి ఉంటాడు.

ఆకులు రాలడం

మీరు ముందుగా తెలుసుకోవలసింది, మీ గిరాకీలకు ముందుగా చెప్పవలసింది ఒకటుంది. ఈ మొక్కలు నీళ్లలోనూ బతుకుతాయి, తడిమట్టిలో గాలిలోనూ బతుకుతాయి. పెంచేవాళ్లు గాలిలోనే పెంచుతారు. తొందరగా, దిట్టంగా, నాచు అంటకుండా పెరుగుతాయి. అలా పెరిగినదాన్ని తీసుకెళ్లి నీళ్లలో ముంచితే వారం పది రోజుల్లో ఆకులన్నీ గాజులా పారదర్శకమై కరిగిపోతాయి. చచ్చినట్టే ఉంటుంది, చావదు. కాడ ఊపిరి పట్టుకుని, నీటికి తగ్గ కొత్త ఆకులు తయారుచేసుకుంటుంది. దానికి మూడు వారాలు కావాలి. ఆ మూడు వారాలూ మనం చేయవలసిన పని ఏమీ చేయకపోవడం. మనుషులకు ఇంతకంటే కష్టమైన పని చెప్పలేం.

భవానీపూర్‌లో ఒక రిటైర్డ్ డాక్టరుగారు ఉండేవారు. రోజూ పొద్దున్నే చిమ్టాతో, అంటే చిన్న పట్టకారుతో, ఒక్కో కాడనీ పైకి లాగి, వేరొచ్చిందేమో చూసి, మళ్లీ గుచ్చేవారు. "డాక్టర్ బాబూ, మూడు వారాలు పీకకండి" అని బతిమాలితే, "పరీక్ష చెయ్యకుండా రోగిని ఎలా వదిలేస్తానయ్యా?" అనేవారు. ఆయన ట్యాంకులో ఒక్క మొక్కా బతకలేదు. ఈ కథ చెప్పి నేను చాలామందిని నవ్వించాను. ఏళ్ల తరబడి నవ్వించాను.

ప్రారంభోత్సవం

నాలుగేళ్ల కింద న్యూ టౌన్‌లో ఒక కంపెనీ కొత్త ఆఫీసు తెరుస్తూ, ముందు హాల్లో ఆరడుగుల అక్వేరియం పెట్టించింది. ఆ పని చూసుకునే అమ్మాయి సౌజన్య. వరంగల్ వైపు నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, ఇంకా ఖాయం కాలేదు. నేను తెలుగువాణ్ణని తెలిసి, ఇంట్లోవాళ్లు దొరికినంత సంతోషపడింది.

"అంకుల్, సోమవారం ముంబై నుంచి పెద్ద సార్ వస్తున్నరు. ఆలోపల నిండుగ కనపడాలె" అంది. ఆరోజు గురువారం.

నిజాయితీగా చేస్తే ఆ పనికి రెండు నెలలు పడుతుంది. గురువారం నుంచి సోమవారానికి చేసేదాన్ని మేం మాలో మేం 'ప్రారంభోత్సవం మొక్కలు' అంటాం. గాలిలో పెరిగిన దిట్టమైన మొక్కల్ని తెచ్చి గుచ్చెయ్యడమే. రిబ్బన్ కత్తిరించేటప్పుడు అద్భుతంగా ఉంటాయి. అది మే నెల. మామూలు ఎర్ర మొక్కలు ఎక్కడా దొరకలేదు. ఎర్రది లేకపోతే ముందు భాగం బోడిగా ఉంది. మొత్తం జీవితంలో మొదటిసారి సిందూరిని బయటికి తీశాను. అదీ డాబా మీద గాలిలో పెరిగినదే, సగం తొట్టి కత్తిరించి తెచ్చి నాటాను. ఆశ పడ్డానని ఒప్పుకుంటున్నాను. పెద్ద ఆఫీసు, మంచి పేరొస్తుందనుకున్నాను.

సౌజన్య ట్యాంకు ముందు నిలబడి అడిగింది. "అంకుల్, ఇవి ఇట్లనే ఉంటయా?"

"ఇలగే ఉంటాయమ్మా. ఇంకా పెరుగుతాయి" అన్నాను.

రెండో మాట నిజం. మొదటిది అబద్ధం. ఆ అమ్మాయి అడిగింది మొక్కల గురించి కాదు, తన ఉద్యోగం గురించి అని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

సోమవారం చప్పట్లు కొట్టారు. పదో రోజు ఫోనొచ్చింది. వెళ్లేసరికి ట్యాంకు నిండా గోధుమరంగు పులుసు, అందులో నిలబడిన పుల్లలు. వాళ్ల మేనేజరు హాల్లో అందరి ముందు సౌజన్యను, "ఇతన్ని ఎంచుకుంది ఎవరు?" అని అడిగాడట. అన్నీ పీకించి ప్లాస్టిక్ మొక్కలు పెట్టించమన్నాడట. నేను పీకుతుంటే ఆ అమ్మాయి పక్కనే నిలబడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అంకుల్, మీకు ముందే తెలుసా?"

"ఇక్కడి బోరు నీట్లో ఇనుము ఎక్కువమ్మా" అన్నాను.

నీటికి నోరు లేదు. మా వృత్తిలో మూడు తరాల తప్పులు దాని మీదే వేస్తూ వచ్చాం. ఎందుకో ఊరుకోలేక, బకెట్లోని పుల్లల్ని చూపించి, "నిజానికి ఇవి చావలేదమ్మా. మూడు వారాలు పీకకుండా ఉంటే వొస్తాయి" అని కూడా అన్నాను. "మరెందుకు పీకుతున్నరు?" అంది. "మీ సార్ పీకమన్నారు కదా" అని, బకెట్టు అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ అమ్మాయి ఉద్యోగం ఏమైందో తెలుసుకోలేదు. తెలుసుకోవాలనుకోలేదు అని రాయడం సరైనది.

నలభై నిమిషాలు

కిందటేడు నేను పని మానేశాను. మోకాళ్లు మానిపించాయి. సాల్ట్ లేక్‌లోని కుర్రవాళ్లు కొందరు నాకు సన్మానం చేస్తామన్నారు. సిందూరి గురించి ఎక్కడో విన్నారు, ఒక్కసారి చూపించమన్నారు. ఎందుకో మనసు కరిగింది. వచ్చినవాళ్లందరికీ తలా ఒక కాడ ఇచ్చేద్దామనుకున్నాను. లోభం వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదనిపించింది.

తొట్లలో నత్తగుడ్లు పట్టాయి. సన్మానంలో జనానికి నత్తలు పంచితే ఏం బాగుంటుంది? పైగా తొట్లు కూడా కడగాలి. అందుకని రెండు తొట్లలోని మొత్తం సిందూరిని, మోళ్లతో సహా, తీసి బ్లీచింగ్ పౌడరు నీళ్లలో వేశాను. రెండు నిమిషాలు, అంతే. ఆ లెక్క నేను ఎందరికి చెప్పి ఉంటానో నాకే తెలియదు. మూడో నిమిషం దాటితే మీ మొక్క మీది కాదు అని కూడా చెప్పేవాణ్ణి.

ఫోను మోగింది. సన్మానం చేసే అబ్బాయి. వేదిక మీద నన్ను పరిచయం చెయ్యడానికి వివరాలు కావాలన్నాడు. చెప్పాను. నిఖిల్ దా గురించి చెప్పాను, డాక్టరుగారి కథ చెప్పి నవ్వించాను. చివర్లో అడిగాడు, "మీ వృత్తిలో పెద్ద నష్టం ఏమిటి కాకూ?" అని. నేను కాస్త గొంతు సర్దుకుని, "నష్టాలు చాలా ఉన్నాయి గానీ, తల్లి మొక్కను మాత్రం ఎన్నడూ పోగొట్టుకోలేదు బాబూ" అన్నాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. ఎంతసేపైందో ఫోనే చూపించింది.

పార్వతి బట్టలు ఆరెయ్యడానికి పైకి వచ్చింది. "ఏటిది, సేమియా నానబెట్టినావేటి?" అంది. తర్వాత నా ముఖం చూసింది. బట్టల బకెట్టు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. తెల్లగా పాలిపోయిన కాడల్ని ఒక్కొక్కటీ తీసి మంచినీళ్లలో వేశాను, మూడు వారాలు కాదు, రెండు నెలలు ఉంచాను. ఏమీ రాలేదు. ఖాళీ తొట్ల అడుగున ఇసుకలో వేళ్లతో వెతికాను. ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అందరి మధ్యా ఏడవలేక ఆపుకున్నవాణ్ణి, తోటకూర కోసం డాబా మీద కూర్చుని ఏడ్చాను.

సన్మానానికి వెళ్లాను. శాలువా కప్పారు. సిందూరి ఏదని అడిగితే, "ఇది కోసే కాలం కాదు" అన్నాను. ఎంత తెలిసినవాడో అన్నట్టు తలలాడించారు.

పొట్లం

ఆ తర్వాత ఐదారు నెలలకు తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. కిటికీ పక్కన చిన్న అక్వేరియం, అందులో కింద ఆకుపచ్చ, పైన ఎరుపు, కొనల దగ్గర సిందూరం. కింద తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మాటలు. "అంకుల్, నేను సౌజన్య. ఇది బాగ పెరుగుతుంది, ప్రతి నెల కట్ చేస్తున్న. దీని పేరేంది? నా దగ్గర తీస్కున్నోళ్లందరు అడుగుతున్నరు."

ఫొటోను వేళ్లతో పెద్దది చేసి పార్వతికి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎల్లు" అంది.

మర్నాడు బస్సులు మారి న్యూ టౌన్ వెళ్లాను. సౌజన్య అదే కంపెనీలో ఉంది. ఆ గొడవకు ఉద్యోగం ఖాయం కావడం ఆర్నెల్లు వెనక్కి పోయిందట. ఆ సాయంత్రం హౌస్‌కీపింగ్ అతను బకెట్టు పారబొయ్యబోతుంటే, అడిగి ఇంటికి తెచ్చుకుందట. ఆ మాట చెప్పి టీ ఇచ్చింది. టీ చల్లారుతోంది, నేను తాగలేదు.

"అమ్మా, ఆకులు రాల్తాయని నాకు ముందే తెలుసు. నీళ్ల తప్పు గాదు. నాదే" అన్నాను.

"నాకు తెలుసంకుల్. మూడు వారాలు ఆగితే వస్తయని మీరే చెప్పిన్రు గద. ముందు తెల్వకుంటే ఆ మాటెట్ల చెప్తరు?" అంది. టీ కప్పు నా వైపు జరిపి, "మస్తు కోపముండె మీమీద. అందుకే ఇన్నేండ్లు ఫోన్ చెయ్యలే. మొక్క మీద ఎందుకు కోపం?" అంది.

వాళ్ల అపార్ట్‌మెంట్లో ఏడెనిమిది ఇళ్లలో ఉందట ఇప్పుడు. 'సౌజన్య వాళ్ల ఎర్ర మొక్క' అంటారట. ఒక దర్జీ జీవితాంతం, నేను పదిహేనేళ్లు ప్రాణంలా దాచిపెట్టినది నా చేతిలోనే చచ్చింది. అబద్ధం చెప్పి అంటగట్టినది ఎనిమిది కిటికీల దగ్గర పెరుగుతోంది. నిఖిల్ దా ఉంటే కత్తెర విసిరేవాడు, నా మీదో తన మీదో తెలియదు. దాని పేరు సిందూరి అని చెప్పాను, ఆయన గురించి చెప్పాను. ఆ పేరును ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది.

తర్వాత గోళ్లు కత్తిరించుకునే కత్తెర తెచ్చి, గుత్తిని చేత్తో పట్టుకుని, అంతటినీ ఒక్కసారిగా కత్తిరించింది. నా నోటిదాకా వచ్చింది, ఇది గడ్డి కాదమ్మా అని. మింగేశాను. పది కాడలు లెక్కపెట్టి, తడి కాగితంలో చుట్టి, గుమ్మం దగ్గర నా చేతిలో పెట్టింది.

"మీ నీళ్లు వేరే గద, ఆకులు రాల్తయేమో. భయపడకండి అంకుల్. మూడు వారాలు పీకకండి" అంది.

ఇసుకలో వేలెడు ఎడంగా నాటాను. ఆరో రోజున ఆకులు రాలాయి. ఎనిమిదో రోజు నిద్రపట్టలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే చిమ్టా పట్టుకుని డాబా ఎక్కి ఒక కాడ లాగాను. ఒక్కటే, చూద్దామని. దానికి వేరొచ్చి ఉంది, దారప్పోగంత. నేను లాగడంతో తెగిపోయింది.

వెనక నుంచి పార్వతి గొంతు వినిపించింది. "ఏటి సేస్తన్నావు? పీకొద్దని ఊరందరికీ సెప్పినావు కాదేటి?" చిమ్టా నా చేతిలోంచి తీసుకుంది. డాబా తలుపుకు తాళం వేసి తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. భవానీపూర్ డాక్టరుగారు బతికి ఉన్నారో లేదో తెలియదు. ఉంటే వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలని ఉంది.

ఇరవై రెండో రోజు పొద్దున నేను కింద టీ తాగుతుంటే మెట్ల మీంచి ఆవిడ కేకేసింది.

"వొచ్చి సూడు! నీ తోటకూర చిగురేసింది."

వెళ్లాను. చేతులు వెనక్కి కట్టుకుని చూడమంది. అలాగే చూశాను.